కిల్పెక్ చూరు కింద మూడు రోజులు

కర్నూలుకు తిరిగొచ్చి వారం దాటింది. పెట్టె సర్దేశాను, తెచ్చినవన్నీ పంచేశాను, బూట్లు మాత్రం ఇంకా కడగలేదు. వాటి అడుగున ఇంగ్లండులోని హెరిఫర్డ్ పొలాల ఎర్రదుమ్ము ఉంది. అది ఉండగానే ఇదంతా రాసిపెట్టుకోవాలని కూర్చున్నాను.

మా అమ్మాయి, అల్లుడు బర్మింగ్‌హామ్‌లో ఉంటారు. కిందటి చలికాలంలో అమ్మాయి నా ఫోనుకు ఒక ఫోటో పంపింది. ఏదో రాతి గోడ, చూరు కింద చిన్న బొమ్మ. పెద్ద బోడితల, గుండ్రటి కళ్లు, బక్క ఒళ్లు. కాళ్ల కింది నుంచి చేతులు పోనిచ్చి తన జననాంగాన్ని రెండు చేతులా తెరిచి చూపుతున్న స్త్రీ. కింద అమ్మాయి ఇలా రాసింది: "అమ్మా, ఈవిడ మన ఆలంపురం లజ్జాగౌరికి చుట్టమా? ఇది చర్చి గోడ అంటే నమ్ముతావా?"

ముప్పై ఏళ్లు బడిలో సాంఘికశాస్త్రం చెప్పినదాన్ని. పిల్లల్ని తుంగభద్ర దాటించి ఎన్నిసార్లు ఆలంపురం తీసుకెళ్లానో లెక్కలేదు. లజ్జాగౌరి అంటే అక్కడ రాతిలో ఉన్న పాత సంతానదేవత. ఆ ప్రశ్నకు ఇక్కడ కూర్చుని జవాబు చెప్పలేకపోయాను. మే నెలలో అక్కడికి వెళ్లినప్పుడు, లండన్ వద్దు, ఆ చర్చి ఉన్న కిల్పెక్ అనే ఊరికే తీసుకెళ్లమని అడిగాను.

మే 16, శుక్రవారం – హెరిఫర్డ్

అల్లుడికి సెలవు దొరకలేదు. అమ్మాయి కారు నడిపింది. పొద్దున్నే లేచి నిమ్మకాయ పులిహోర కలిపి డబ్బాలో పెట్టాను. దారి పక్కన ఒక గేటు దగ్గర ఆగి, రాతి గట్టు మీద కూర్చుని తిన్నాం. ఎదురుగా యాపిల్ తోట. పూత రాలిపోయే దశలో ఉంది, చెట్ల కింద గడ్డి తెల్లగా కనిపిస్తోంది. ఈ జిల్లా అంతా యాపిల్ పళ్లు పులియబెట్టి తీసే సైడరుకు పేరు పడింది. నేను తాగను కాబట్టి పులియని యాపిల్ రసమే మూడు రోజులూ తాగాను. మన దగ్గర డబ్బాల్లో దొరికేదానికీ దీనికీ పోలికే లేదు. కాస్త వగరు, కాస్త పులుపు, ఆ తర్వాతే తీపి.

హెరిఫర్డ్ పెద్ద చర్చిలో ఒక ప్రపంచ పటం ఉంది. 1300 ప్రాంతంలో ఒకే ఒక దూడ చర్మం మీద గీసినది. నా ఎత్తు ఉంటుంది. చీకటి గదిలో, అద్దం వెనుక వేలాడదీశారు. తూర్పు పైన ఉంటుంది, నట్టనడుమ జెరూసలేము. బడిలో గోడకు ఎన్నో పటాలు తగిలించాను గానీ, తూర్పు నెత్తిన పెట్టుకున్న పటాన్ని కళ్లారా చూడడం ఇదే మొదటిసారి. సూర్యుడు పుట్టే దిక్కు కనుక, ఏదెను తోట అక్కడే ఉందని నమ్మారు కనుక, అది పైకి వెళ్లింది. ఆ లెక్కన మన దేశం స్వర్గానికి పక్కింట్లో ఉన్నట్టు. సింధునది కోసం వెతికాను, దొరికింది. అంబారీ మోస్తున్న ఏనుగు కనిపించింది. ఇంకా దగ్గరగా చూస్తే ఒంటికాలి మనిషి ఒకడు వెల్లకిలా పడుకుని, తన పాదాన్నే గొడుగులా పట్టుకుని ఎండ కాచుకుంటున్నాడు. వాడు మన దేశస్థుడట! పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన నా చీర చూసి, పటం చూసి, కొంచెం ఇబ్బందిపడి నవ్వాడు. నేనూ నవ్వి, మా ఊళ్లో అందరికీ రెండు కాళ్లేనని చెప్పాను.

ఆ పటాన్ని ముందు చూడడం మంచిదయింది. చూడని దేశాల్లో వింత ప్రాణులు ఉంటాయని, మనిషి ముఖమున్న సింహాలు, చూపుతో చంపే పాములు దేవుడి సృష్టిలో భాగమేనని వాళ్లు ఎంత గట్టిగా నమ్మారో అది చూస్తే అర్థమవుతుంది. మరుసటి రోజు ఆ ప్రాణులే రాతిలో ఎదురయ్యాయి.

పక్క గదిలో గొలుసుల గ్రంథాలయం. పుస్తకాలను ఇనుప గొలుసులతో అలమారకు కట్టేశారు. అట్ట అంచు ముందుకీ, వెన్ను గోడవైపుకీ ఉంటాయి. తీసి బల్ల మీద తెరిచినప్పుడు గొలుసు మెలిపడకుండా ఈ ఏర్పాటు.

రాత్రి ఒక ఇంట్లో బస. ఇంటావిడ మమ్మల్ని చూడగానే పేరు కంటే ముందు "టీలో పాలు వేయాలా?" అని అడిగింది. ఆ ఊళ్లో ఎవరిని కలిసినా ఇదే వరస. రాత్రి తొమ్మిది దాకా వెలుతురు పోలేదు. కూరగాయల బండి దగ్గర 3 పౌండ్లకు ఒక కట్ట ఆస్పరాగస్ కాడలు కొన్నాం. ఇంటావిడ వంటగది ఇచ్చింది. మునక్కాడల్లా వండుదామని నేనంటే ఆమె కంగారుపడి, నీళ్లలో నాలుగు నిమిషాలు ఉడికించి, వెన్న వేసి పెట్టింది. అప్పటికి పౌండు మన లెక్కలో దాదాపు 114 రూపాయలు. ప్రతిదాన్నీ గుణించుకుంటూ తింటే గొంతు దిగదని అమ్మాయి మందలించింది.

మే 17, శనివారం – కిల్పెక్

హెరిఫర్డ్‌కు నైరుతి దిక్కున సుమారు 14 కిలోమీటర్లు. అరగంటలో చేరాల్సినవాళ్లం గంటన్నరకు చేరాం. పెద్ద రోడ్డు వదిలాక దారులన్నీ ఒక్క కారు పట్టేంత సన్నం. రెండు వైపులా కంచె మొక్కలు మనిషికంటే ఎత్తున పెరిగి, తెల్లటి పూలు తలుపు అద్దాలకు రాసుకుంటున్నాయి. ఫోనులో సిగ్నలు పోయింది. ఎడమకు తిరగాల్సిన చోట కుడికి తిరిగి ఒక రైతు పశువులదొడ్లోకి వెళ్లిపోయాం. ఎర్రటి ఒళ్లు, తెల్లటి ముఖాల హెరిఫర్డ్ పశువులు వరసగా తలలెత్తి చూశాయి. రబ్బరు బూట్ల ఆవిడ ఒకరు బయటికొచ్చి, "చర్చికేనా? అందరూ మా ఇంటికే వస్తారు ముందు" అంది. వేలితో గాల్లో పటం గీసి చూపించింది.

తిరుగుదారిలో ఎదురుగా ట్రాక్టరు. అమ్మాయి యాభై గజాలు వెనక్కి నడిపి, దారి కాస్త వెడల్పయిన చోట ఆగింది. ట్రాక్టరాయన దాటుతూ చక్రం మీంచి చూపుడు వేలు ఒక్కటే పైకెత్తాడు. అదీ అక్కడి కృతజ్ఞత. సాయంత్రానికి మా అమ్మాయికీ అలవాటైపోయింది.

ఇక చర్చి. మొదటి చూపుకి, ఇంతేనా అనిపిస్తుంది. శిఖరం లేదు, బురుజు లేదు. పడమటి గోడ నెత్తిన గంట కోసం కట్టిన చిన్న గూడు తప్ప ఎత్తైనదేదీ లేదు. ఎర్ర ఇసుకరాయి గోడలు, చుట్టూ సమాధులు, గడ్డి. కట్టడాన్ని పక్కనుంచి చూస్తే మూడు ముక్కలు, ఒకదానికంటే ఒకటి చిన్నది. పడమట జనం కూర్చునే హాలు, దాని తర్వాత పాదిరి ఆరాధన నడిపే గది, తూర్పు కొసన అర్ధచంద్రాకారంలో తిరిగిన గది. నాకు మండపం, అంతరాళం, గర్భగుడి అని చదువుకున్నట్టే అనిపించింది. ఆ గుండ్రటి వీపును చూడగానే చేజెర్ల కపోతేశ్వరాలయం గుర్తొచ్చింది. అలాంటి వెనుకభాగాన్ని మనవాళ్లు గజపృష్ఠం అన్నారు. కూర్చున్న ఏనుగు వీపు. కిల్పెక్‌లో అది బుల్లి గున్న ఏనుగు.

ఊరి పేరు వెల్షు మాట నుంచి వచ్చింది. ఇది ఇంగ్లండు, వేల్సు సరిహద్దు సీమ. సమాధుల స్థలం కోడిగుడ్డు ఆకారంలో కాస్త ఎత్తుగా ఉంటుంది. అది ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లకన్నా ముందటి వెల్షు క్రైస్తవుల పద్ధతికి గుర్తు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక, ఈ ఊరు విలియం ఫిట్జ్ నార్మన్ అనే సామంతుడికి దక్కింది. 1086 నాటి భూముల చిట్టాలో, వాళ్లు డూమ్స్‌డే బుక్ అంటారు, ఆ పేరే ఉంది. అతని కొడుకు హ్యూ ఈ చర్చిని 1140 ప్రాంతంలో కట్టించాడు. మనకు అనుమకొండలో కాకతీయ రెండో ప్రోలరాజు ఉన్న కాలం. మొదట దాన్ని డేవిడ్ అనే సాధువుకు అంకితమిచ్చారు. కోటలోని ప్రార్థనాలయం పాడుబడ్డాక మేరీమాత పేరు కూడా వచ్చి చేరింది.

దక్షిణపు తలుపు ముందు నేను గంట నిలబడ్డాను. అతిశయోక్తి కాదు. అమ్మాయి సమాధి రాళ్లన్నీ చదివి వచ్చినా నేనక్కడే ఉన్నాను.

కమాను బయటి వరసలో గుండ్రటి పతకాలు. ఒక్కోదానిలో ఒక పక్షో, చేపో, డ్రాగనో. పతకానికీ పతకానికీ నడుమ ఒక ముఖం, నోటితో రెంటినీ కరిచి పట్టుకుంటుంది. లోపలి వరసలో ముక్కుల తలలు, రెక్కల మృగాలు. నిన్న పటంలో చూసిన జాతివే. తలుపు పైన అర్ధచంద్రాకారపు పలక మీద గుత్తులు వేలాడే ఒక తీగచెట్టు. దాన్ని జీవవృక్షం అంటారు. కుడివైపు స్తంభం తలకట్టులో ఒక మనిషి ముఖం, నోటి రెండు మూలల నుంచి ఆకుల తీగలు బయటికి పాకుతాయి. మన కీర్తిముఖాన్ని రోజూ చూసే కళ్లకు అది కొత్తగా అనిపించదు. బయటి స్తంభాల మీద పాములు ఒకదాని తోకను ఒకటి మింగుతూ కిందికి దిగుతున్నాయి.

ఎడమ స్తంభం మీద ఇద్దరు యోధులున్నారు, ఒకరి మీద ఒకరు. చుట్టూ తీగలు కాళ్లకు చేతులకు చిక్కుపడుతున్నాయి. వాళ్ల బట్టల మీద నిలువు గీతలు. నెత్తిన కోసు టోపీలు. నేను కళ్లజోడు తీసి, ముక్కు రాతికి ఆనేంత దగ్గరికి వెళ్లి చూశాను. ఒక్కో గీత లోతూ ఒకటే. మోకాలి దగ్గర బట్ట వంగిన చోట గీతలు కూడా దానితోపాటు వంగాయి. 880 ఏళ్ల కిందట ఎవరో కూర్చుని, మోకాలు వంగితే బట్ట ఏమవుతుందో గమనించి చెక్కాడు. పేరు ఎక్కడా లేదు. ఈ పనివాళ్ల చేతి గుర్తులు చుట్టుపక్కల ఎన్నో ఊళ్ల చర్చీల్లో కనిపిస్తాయి కనుక వాళ్లందరినీ కలిపి 'హెరిఫర్డ్‌షైర్ శిల్పుల బృందం' అని పిలుస్తున్నారు.

ఇంత నిలిచి ఉండడానికి మొదటి కారణం రాయి. స్థానికంగా తీసిన ఇసుకరాయే గానీ గట్టిది. రెండోది, తలుపుకు చాలా ఏళ్లు కొయ్య వసారా ఒకటి అడ్డు ఉండేది. చెక్కడాలు కనబడాలని 1868లో దాన్ని తీసేశారు. 1962లో కమాను పైన ఒక పట్టీ దించి పైనుంచి నీళ్లు జారకుండా కట్టుదిట్టం చేశారు. మూడోది నా సొంత ఆలోచన. ఒకప్పుడు ఇక్కడ కోట, సన్యాసుల మఠం, సందడిగల ఊరు ఉండేవి. తర్వాత అవన్నీ పోయాయి. చర్చి వెనుక మిట్ట మీద కోట గోడ ముక్కలు రెండు మిగిలాయి. ఈశాన్యం వైపు గడ్డిలో మిట్టపల్లాలుగా పాత ఇళ్ల జాడలు తప్ప ఏమీ లేవు. ఊరు ధనికంగా ఉంటే ఈ చర్చిని విప్పి పెద్దది కట్టేవాళ్లు. చాలా ఊళ్లలో అదే జరిగింది. కిల్పెక్‌కు ఆ స్తోమతు లేకపోయింది.

తర్వాత చూరు. చర్చి చుట్టూ చూరును మోస్తూ గోడలోంచి పొడుచుకొచ్చిన చిన్న రాళ్లు, వాటిని కార్బెల్స్ అంటారు. మొదట 91 ఉండేవట, ఇప్పుడు 85. ప్రతి రాతి కొసనా ఒక బొమ్మ. మెడ వెనక్కి వంచి, కుడి నుంచి ఎడమకు, ప్రదక్షిణలాగే తిరిగాను. పొట్టేలు తల, పంది తల, తంత్రీవాద్యం వాయించే మనిషి, కౌగిలించుకున్న ఇద్దరు, నోట్లో మనుషుల తలలు కరుచుకున్న మృగం, శిలువ మోసే గొర్రెపిల్ల.

పూల బకెట్టుతో ఒక ముసలావిడ వచ్చింది. మరుసటి రోజు కోసం లోపల పూలు సర్దడానికట. నన్ను చూసి ఆగి అడిగింది:

"కుక్కనూ కుందేలునూ చూశారా?"

చూడలేదన్నాను. బకెట్టు కింద పెట్టి, నా మోచెయ్యి పట్టుకుని రెండడుగులు పక్కకు జరిపింది. చెవులు వేలాడేసుకున్న కుక్క, దాని పక్కన భుజం ఆనించి కుందేలు. వేటాడేదీ వేటాడబడేదీ కలిసి ఏదో ముచ్చట వింటున్నట్టు కూర్చున్నాయి. బడిపిల్లలు వస్తే ముందు దీన్నే పట్టుకుంటారని చెప్పింది. "మీకు ఆ ఇంకొకావిడ కావాలి కదా" అంటూ తనే గజపృష్ఠం వైపు చూపించింది. గొంతు తగ్గించలేదు, చూపు తిప్పుకోలేదు. "షీలా నా గిగ్ అంటాం. నా చిన్నప్పుడు మా అమ్మ అటువైపు నడవనిచ్చేది కాదు. ఇప్పుడు టీ తువ్వాళ్ల మీద కూడా వేస్తున్నారు."

ఫోటోలో చూసినదే, కానీ ఫోటోలో తెలియనిది ఒకటుంది. ఆమె నవ్వుతోంది. పండిత చర్చలు చాలా ఉన్నాయి. కామం పాపమని జడిపించడానికి పెట్టారని కొందరు, చెడును తరిమే రక్షరేకు అని కొందరు, పంటకూ సంతానానికీ సంబంధించిన పాత దేవత అని కొందరు. నేను ఆలంపురం నుంచి వెళ్లినదాన్ని కనుక నా కంటికి తోచింది చెబుతాను. లజ్జాగౌరికి తల ఉండాల్సిన చోట తామర పువ్వు ఉంటుంది, నిండైన రొమ్ములు ఉంటాయి. సంతానం కోరే స్త్రీలు కొలిచిన తల్లి ఆమె. ఈమెకు రొమ్ములు లేవు, ఒంట్లో కండ లేదు, ఎవరూ పూజ చేయలేనంత ఎత్తున, కుక్కల, సంగీతగాళ్ల నడుమ కూర్చుంది. ఇద్దరికీ మధ్య నాలుగైదు శతాబ్దాలు, ఒక ఖండం అడ్డం. చుట్టరికం లేదు. అమ్మాయికి అదే జవాబు చెప్పాను. కానీ ఇద్దరినీ చెక్కిన చేతులకు స్త్రీ ఒంటిని చూసి సిగ్గుపడాలన్న ఆలోచన లేదు. ఆ ఒక్క విషయంలో నాకు ఇద్దరూ ఇంటివాళ్లే అనిపించారు.

పూలావిడ వెనకే లోపలికి వెళ్లాం. తాళం లేదు, టికెట్టు లేదు, కాపలా లేదు. తలుపు నెట్టుకుని వెళ్లడమే. చల్లదనం ఒక్కసారి ముఖానికి తగిలింది. హాలుకూ లోపలి గదికీ నడుమ కమాను. దాని రెండు పక్కలా ముగ్గురేసి అపొస్తలులు ఒకరి నెత్తిన ఒకరు నిలబడ్డారు. ఒకరి చేతిలో తాళంచెవి, అది పేతురు. ఇలా మనుషుల్ని స్తంభంగా పేర్చడం స్పెయిన్‌లోని సంతియాగో యాత్రాస్థలం శిల్పాలను పోలి ఉంటుంది. ఈ జిల్లా నుంచే ఒక పెద్దమనిషి అక్కడికి యాత్ర వెళ్లొచ్చాడు. అతని కథ మరుసటి రోజు చూసినదానితో ముడిపడింది. కొసన గుండ్రటి గదికి రాతి పక్కటెముకల కప్పు. అవి కలిసే చోట నాలుగు తలలు చుట్టూ చూస్తున్నాయి.

కూర్చునే బల్లల ముందు మోకాళ్లకు మెత్తలు, ఊరి ఆడవాళ్లు కుట్టినవి. పూలావిడ చెప్పిన లెక్కలు విన్నాను. ఒకే పాస్టరుకు చాలా ఊళ్లు, అందుకని ఇక్కడ ప్రతి వారం ఆరాధన ఉండదు. మిగతా రోజుల్లో పూలు, తుడవడం, గడ్డి కోయడం, కప్పు కారితే డబ్బు పోగుచేయడం అన్నీ ఊళ్లోవాళ్లే. మన దగ్గర కథోలికులు 'విచారణ' అని వాడే మాటే వీళ్ల పారిష్‌కు సరిపోతుందని నాకనిపించింది. ఒక గుడి, దాని చుట్టూ కొన్ని ఇళ్లు, ఆ ఇళ్లవాళ్లు దాని మంచిచెడ్డలు విచారించుకోవడం. మధ్యయుగంలో పంటలో పదోవంతు చర్చికి వెళ్లేది. ఇప్పుడు గోడకు చందా పెట్టె. పది పౌండ్లు వేశాను. ఆమె చూడలేదు, చూసినట్టు కనిపించలేదు. అదీ మర్యాదే.

మధ్యాహ్నం దగ్గర్లోని ఊళ్లో స్కోన్లు అనే చిన్న రొట్టెలు, గడ్డ మీగడ, జామ్, ఒక పాత్ర టీ. ఇద్దరికీ 15 పౌండ్లు. ముందు మీగడా ముందు జామా అని పక్క బల్ల దంపతులు మా కోసం వాదించుకున్నారు. తర్వాత అబ్బే డోర్ చూశాం. 1147లో సిస్టర్షియన్ సన్యాసులు స్థాపించిన మఠం. ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దు చేశాక పాడుబడి, 1630లలో బాగుచేయబడి ఊరి చర్చి అయింది. ఎత్తుగా, గంభీరంగా, బొమ్మలు దాదాపు లేకుండా ఉంటుంది. గొప్ప కట్టడమే. కానీ నా మనసు కిల్పెక్‌లో ఉండిపోయింది. అమ్మాయి ముఖం చూసి కనిపెట్టేసింది. "ఆ తలుపు దగ్గరికే కదా? పద."

సాయంత్రం మళ్లీ వెళ్లాం. ఎవరూ లేరు. పడమటి వెలుగు దక్షిణపు గోడను ఏటవాలుగా రాసుకుంటూ వస్తోంది. పొద్దున చదునుగా కనిపించిన చెక్కడాలన్నిటికీ నీడలు పుట్టాయి. పాము పొలుసులు, తీగ నరాలు, యోధుడి మోకాలి గీతలు. రాయి ఇటుకరంగు నుంచి దానిమ్మరంగుకు మారింది. పడమటి గోడ మూలల్లో ఓడల ముక్కుల్లా పొడుచుకొచ్చిన డ్రాగన్ తలలున్నాయి. ఒకటి నోరు తెరిచి నాలుక చుట్టచుట్టుకుంది. ఆ నోట్లో ఒక పిచుక దూరి, మళ్లీ బయటికి రాలేదు.

మే 18, ఆదివారం – ఎర్డిస్లీ, షాబ్డన్

ఎర్డిస్లీలో నల్లటి కొయ్య చట్రం, తెల్లటి గోడల ఇళ్లు వరసగా ఉన్నాయి. చర్చికి చేరేసరికి ఆరాధన నడుస్తోంది. బయట ఆగుదామనుకుంటే ఒకాయన తలుపు తీసి, పాటల పుస్తకం చేతిలో పెట్టాడు. చివరి రెండు పాటలకు నిలబడ్డాం. ముగిశాక టీ, బిస్కట్లు. "ఎక్కడి నుంచి?" అన్న ప్రశ్నకు కర్నూలు అంటే తెలియదు, హైదరాబాద్ అంటే ఒకావిడ ముఖం వెలిగింది, మనవడి స్నేహితుడు అక్కడివాడట. మేం వచ్చింది అక్కడి బాప్తిస్మపు రాతి తొట్టి కోసమని తెలిశాక కప్పులు పట్టుకునే అందరూ దాని చుట్టూ చేరారు.

ఈ రాతి తొట్టిలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇస్తారు. 1150 ప్రాంతపు పని, అదే బృందానిది. ఒకవైపు ఇద్దరు యోధులు, ఒకడి చేతిలో ఈటె, మరొకడి చేతిలో కత్తి. ఇంకోవైపు క్రీస్తు, నరకంలో చిక్కిన మనిషి మణికట్టు పట్టుకుని బయటికి లాగుతున్నాడు. తీగల్లోంచి, చెయ్యి సాగేలా, బలంగా లాగుతున్నాడు. పక్కన పెద్ద సింహం. ఆ యోధులిద్దరూ అల్లుడూ మామగారూ అని ఊరి కథ, బాస్కర్‌విల్ వంశపు కుర్రవాడు మామను ద్వంద్వయుద్ధంలో చంపాడని. మా అమ్మాయి వాళ్లాయనకు వెంటనే ఫోటో పంపింది. నేను మాత్రం వాళ్ల బట్టలే చూశాను. అవే నిలువు గీతలు. మోకాలి దగ్గర అదే వంపు.

దారిలో ఇంకొకసారి తప్పిపోయి షాబ్డన్ చేరాం. నిన్న చెప్పిన యాత్రికుడి ఊరిది. పేరు ఆలివర్ డి మెర్లిమండ్, మార్టిమర్ ప్రభువుల దివాను. సంతియాగో యాత్ర చేసి వచ్చినవాడు, ఇక్కడ చర్చి కట్టించాడు. ఈ శిల్పుల పనితనానికి అది ఆయువుపట్టు అంటారు. 1750లలో బేట్‌మన్ అనే జమీందారీ కుటుంబం దాన్ని పడగొట్టించి, కొత్త పోకడలో ఇంకో చర్చి కట్టించింది. కొత్తది తెలుపు, లేత నీలం రంగుల్లో పంచదార బొమ్మలా ఉంటుంది. బాగానే ఉంది. అందులో మూలన పాతదాని బాప్తిస్మపు తొట్టి ఒక్కటీ, కాళ్ల దగ్గర సింహాలతో, మిగిలింది.

పాత చర్చి కమానును, రెండు తలుపులను మాత్రం తీసుకెళ్లి, దూరపు చూపుకు అందంగా ఉంటాయని చెట్ల మధ్య గుట్ట మీద నిలబెట్టారు. వెనుక చర్చి లేదు, పైన కప్పు లేదు. రెండు వందల డెబ్భై ఏళ్లుగా వాన, మంచు నేరుగా పడుతున్నాయి.

గడ్డి బాటన ఎక్కి వాటి ముందు నిలబడేసరికి నా గొంతు పట్టుకుపోయింది. మాకు రాళ్లను తరలించడం తెలుసు. శ్రీశైలం జలాశయంలో మునగకుండా కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి, తెచ్చి ఆలంపురంలో తిరిగి కట్టారు. గర్భగుడి గర్భగుడిగా, కప్పు కప్పుగా నిలిచింది. ఇప్పుడూ అందులో దీపం ఉంది. ఇక్కడ తలుపుల్ని తెచ్చారు గానీ అవి తెరుచుకునే ఇల్లు తేలేదు. కమాను కింది పలకల్లో ఒకటి క్రీస్తు మహిమది, ఇంకొకటి నరకవిమోచనది. చెబితేనే తెలుస్తుంది. పొద్దున ఎర్డిస్లీలో మణికట్టు పట్టుకుని లాగిన చెయ్యి ఇక్కడ నానిన సబ్బుముక్కలా ఉంది. 19వ శతాబ్దంలో జి.ఆర్. లూయిస్ అనే చిత్రకారుడు వీటిని గీసి 1852లో అచ్చువేయించకపోతే, ఏముండేదో కూడా తెలిసేది కాదు.

అమ్మాయి స్తంభాల దగ్గర వంగి చూస్తోంది. "అమ్మా, ఇటురా. ఇది అదేనా?"

మొదట నాకేమీ కనబడలేదు, గుంటలు పడ్డ రాయి తప్ప. ఆమె వేలు రాతికి తగలకుండా గాల్లోనే గీసి చూపించింది. అప్పుడు తెలిసింది. తీగ మెలిక, దాని కింద ఒక కాలు. కిల్పెక్‌ను నిన్న చూడకపోయి ఉంటే పోల్చుకోలేకపోయేదాన్ని. మోకాలి దగ్గర మూడు గీతలు మిగిలాయి. మూడూ కలిసే వంగాయి.

నీడ పడేలా చీర కొంగు ఎండకు అడ్డం పట్టుకున్నాను. అమ్మాయి ఫోటో తీసింది.